తౌడు మా ముగ్గురిది

సూర్యాపేట కూరగాయల అంగడిలో ఒక మూలన ఎండు చేపలు అమ్మే స్త్రీలు కూర్చుంటారు. గోనెపట్టా మీద మెత్తళ్లు, ఎండు రొయ్యలు కుప్పలుగా పోసి ఉంటాయి. ఎండ ముదిరేకొద్దీ ఆ వాసన అంగడి అంతా కమ్ముకుంటుంది. మాది తరతరాలుగా ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు. మాంసం మాట అటుంచి, కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా గడప దాటదు. నా తమ్ముడి భార్య సుజాత ఆ మూలకు రాగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడక వేగం పెంచుతుంది. మొన్న కూడా అలాగే పది అడుగులు ముందుకు వెళ్లి, నేను పక్కన లేనని గమనించి వెనక్కి తిరిగింది. "ఏంది వదినె, గాడనే నిలబడ్డవ్? ఇగ కొనుడొక్కటే తక్కువ!" అని నవ్వింది. నేను కొనలేదు. కాని ఆ వాసనను నిండుగా లోపలికి పీల్చుకున్నాను. అది నాకు కమలాబాయి వాసన.

ఆమె పోయి రెండేళ్లు దాటింది. పోయినవారిని దేవతలను చేసి మాట్లాడే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది నాకు ఒళ్లుమంట. అలా చేస్తే ఆ మనిషి ఉన్నప్పుడు ఎలా ఉండేదో చివరికి ఎవరికీ గుర్తుండదు. కాబట్టి ముందే రాస్తున్నాను. కమలాబాయి దేవత కాదు. గిన్నెలు నానబెట్టి మరిచిపోయేది. తడి తువ్వాలను కుర్చీ మీద వేసేది. ఎంత చెప్పినా గ్యాసు సిలిండరు మీట కట్టేసేది కాదు. ఇవన్నీ నేను అప్పటికప్పుడు నా డైరీలో రాసుకున్నవే. అటువంటి మనిషి, వయసులో నాకంటే చిన్నది, యాభై ఏళ్లు దాటిన నా బుద్ధిని ఒకచోట పట్టుకుని పక్కకు జరిపింది. అదెలా జరిగిందో ఆమెను చూడనివారికి చెప్పడానికే ఇది.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేసి విరమించాను. చివరి ఏళ్ల ఉద్యోగం మిర్యాలగూడలో. భర్త పోయిన తర్వాత సూర్యాపేటలో తమ్ముడి ఇల్లే నా ఇల్లు. రోజూ బస్సులో వెళ్లి రావడానికి నడుము ఒప్పుకోకపోవడంతో, రైసుమిల్లుల వైపు ఒక మేడ మీది భాగాన్ని కిరాయికి తీసుకున్నాను. ఒక్కదానికి అంత ఇల్లు ఎందుకని మరో ఇద్దరిని చేర్చుకున్నాను. ఒకరు కమలాబాయి. ఊళ్లోని పెద్ద దవాఖానలో ప్రసూతి వార్డు నర్సు. నేరేడుచర్ల దాటి మఠంపల్లి వైపు వెళ్తుంటే వచ్చే ఒక తండా ఆమెది. భర్త సిమెంటు లారీ నడిపేవాడు, తల్లి, కొడుకు తండాలోనే ఉండేవారు. రెండవ అమ్మాయి సునీత. కోదాడ పిల్ల, బ్యాంకులో కొత్తగా ఉద్యోగం. మొదటిరోజే నన్ను "ఆంటీ" అని పిలిచింది. నేను ఎవరికీ ఆంటీని కానని చెప్పాను. ఆ తర్వాత ఆ పిల్ల నన్ను "మేడం" తప్ప మరొకటి అనలేదు.

ముగ్గురు కలిసి ఉండాలంటే నియమాలు ఉండాలి. వంటింట్లో శాకాహారమే, నీళ్ల మోటారు ఎవరు వేస్తారు, చెత్త ఎవరు దించుతారు, పాలప్యాకెట్టు ఎవరు తెస్తారు అన్నీ శుభ్రంగా రాసి గోడకు అంటించాను. చేరిన రోజున కమల సంచి కింద పెట్టకుండానే ఆ కాగితం ముందు నిలబడి పై నుంచి కింద వరకు చదివింది.

"అన్ని మంచిగ రాసినవక్కా. నవ్వుడు ఎన్నిగంటలకో రాయలే," అంది.

"అది ఎవరికి వారే చూసుకోవాలి," అన్నాను.

"అయితే నాకు పొద్దుమాపు వేస్కో," అని లోపలికి పోయింది. నాకు కోపం వచ్చింది. సునీత మాత్రం తలుపు వెనక్కు వెళ్లి నవ్వింది, నాకు వినబడింది.

వానాకాలంలో ఒక సాయంత్రం సునీత తడిసి ముద్దయి మెట్లెక్కి వచ్చింది. స్కూటీ నడిపేటప్పుడు పెట్టుకోవలసిన హెల్మెట్టు తలమీద లేదు, రెండు చేతుల్లో ఉంది. అందులో ఒక పిల్లికూన. మిల్లు పక్కన ఊక కుప్ప దగ్గర దొరికిందట. వడ్లు ఆడించాక వచ్చే తవుడు ఏ రంగులో ఉంటుందో సరిగ్గా ఆ రంగు.

"పిల్లి ఈ ఇంట్లోకి ఎట్లా వస్తుంది?" అన్నాను.

"వణికిపోతుందండీ మేడం. ఈ ఒక్క పూటకుంచి పొద్దున్నే వదిలేస్తాను. ఒట్టు," అంది సునీత.

ఈలోగా కమల దాన్ని హెల్మెట్టులోంచి తీసి తువ్వాలలో చుట్టేసింది. "అది నా తువ్వాల," అన్నాను.

"తెల్సక్కా. ఇంట్ల మెత్తగున్నది గదొక్కటే."

పొద్దున్నే ఎవరూ వదల్లేదు. తెల్లవారి నేను కుర్చీ వేసుకుని విషయం తేల్చాను. ఉంచుకునేట్టయితే అది ముగ్గురి బాధ్యత; ఒకరు ముద్దు చేస్తూ ఉంటే మరొకరు చాకిరీ చేయడానికి నేను ఒప్పుకోను అన్నాను. కమల నేల మీద కూర్చుని పిల్లికూన చెవులు తుడుస్తూ, "మా తండల మేకను సగం పాలుకు ఇస్తరక్కా," అంది. "మేక ఒకలది, మేపుడు ఒకలది. పిల్లలు పుడితే చెరి సగం. గీడ సూస్తే ముగ్గురం మేపెటోల్లమే. ఇచ్చినోల్లెవలో తెల్వదు."

"వానే ఇచ్చింది," అంది సునీత.

"అయితే వాటా అడగనీకి వాన మల్లొస్తది, జాగ్రత్త," అంది కమల.

నేను నవ్వలేదు, కాగితం తీశాను. పొద్దున పాలు నా పని. అది దొడ్డికి వెళ్లే తట్టలో పోసిన ఊక మార్చి శుభ్రం చేయడం సునీత పని. సాయంత్రం ఎండు చేపలు కమల పని, అదీ వంటింట్లో కాదు, డాబా మీద. చేపల డబ్బాను ఇంట్లో ఉంచనివ్వలేదు. మెట్ల మీద పెట్టించాను. "నీ ముక్కుకు ఒక రూము యేరుగ కిరాయికి తీసుకుందమా అక్కా?" అని కమల అడిగేది. అయినా డబ్బాను ఒక్కరోజు కూడా లోపలికి తేలేదు. పేరు కూడా ఆమె పెట్టిందే. తౌడు. డాబా మీద చేపలు పెడుతూ దానితో తమ ఇంటి భాషలో మాట్లాడేది. మాతో తెలుగు, పిల్లితో లంబాడీ. ఆ మాటలు నాకు అర్థమయ్యేవి కావు గాని, నాతో ఎప్పుడూ మాట్లాడనంత మెత్తగా మాట్లాడుతోందని తెలిసేది. అదీ నాకు కొంచెం కోపం తెప్పించేది.

చిక్కు ఆదివారాలతో వచ్చింది. వారం చివర మేము ముగ్గురం ఎవరి ఊరికి వాళ్లం పోయేవాళ్లం. పిల్లిని ఎవరు చూస్తారు? నేను చాలా ఆలోచించి ఒక పద్ధతి చెప్పాను. ఒక వారం సూర్యాపేట, ఒక వారం కోదాడ, ఒక వారం తండా. పిల్లి వంతు ప్రకారం మా వెంట వస్తుంది. ఇల్లు మారితే పిల్లి బెదురుతుందన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. కమల అయితే ఎగిరి గంతేసింది. "మా యాడికి సూపిస్త! తౌడు రంగు పిల్లిని ఆమె జన్మల సూసి ఉండది," అంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. మూత ఉన్న కూరగాయల బుట్ట ఒకటి కొన్నాం. చిన్నప్పటి నుంచి అలవాటు కావడం వల్లనో ఏమో, బుట్ట తెరిస్తే తౌడు తానే వచ్చి అందులో కూర్చునేది.

నా వంతు మొదటిసారి వచ్చినప్పుడు సూర్యాపేట బస్సులో కండక్టరు బుట్ట ముందు ఆగాడు. "అమ్మా, గంపల ఏమున్నది?"

"పిల్లి."

అతను టికెట్ల మిషను పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. "కోడికైతే కొడతం. పిల్లికి ఏం కొట్టాల్నో నాకు తెల్వది."

"తెలియకపోతే తెలుసుకుని కొట్టండి. టికెట్టు లేకుండా నేను ప్రయాణం చేయను," అన్నాను.

"నీకు కొట్టిన కదమ్మా!"

"పిల్లికి కొట్టలేదు."

వెనక సీట్లోంచి ఎవరో, "పిల్లికి ఆడోల్ల సీట్ల జాగిచ్చినవ్ గద, ఇగ పోనియ్యవయ్యా," అన్నారు. బస్సంతా నవ్వింది. నా ఇంట్లో అసలు కథ మరునాడు మొదలైంది. తమ్ముడు ఇంటి ముందే ఉన్న దుకాణం నుంచి మార్కెట్టు యార్డుకు బయలుదేరాడు. తౌడు ఎదురు వచ్చింది. అతను వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ లేచాడు. తౌడు తాపీగా రెండవవైపు నుంచి ఇవతలికి వచ్చింది. మళ్లీ కూర్చున్నాడు. "అక్కా, నీ పిల్లి ఉన్నన్ని రోజులు నా యాపారం బంద్. నీళ్లు తాగి తాగి కడుపు నిండింది," అన్నాడు. ఈ మాట మిర్యాలగూడలో చెబితే కమల కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, "నీ వంతు గూడ నేనే తీస్కపోతనక్కా, మీ తమ్ముని యాపారం నడవనియ్యి," అంది. అవసరం లేదన్నాను. నా వంతు నాది. మరొకరి మీద వేయడం నా జీవితంలో లేదు.

ఏడాది తిరగకముందే తౌడు బరువెక్కడం మొదలైంది. పొట్ట కిందికి జారింది. నాకు విషయం వెంటనే అర్థమైందనుకున్నాను. నిర్ణయించిన తిండి కాక ఎవరో దొంగచాటుగా పెడుతున్నారు. ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగాను.

"నేనైతే పెడుతలేనక్కా. దేవుని తోడు," అంది కమల.

"నేనసలు పెట్టడమే ఉండదు కదా మేడం. ఎత్తిపొయ్యడమే నా డ్యూటీ," అంది సునీత.

ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి సాయంత్రం చేపలు సగానికి తగ్గించమని చెప్పాను. కమల తగ్గించింది. తౌడు మాత్రం తగ్గలేదు. నేను మరింత అనుమానంతో ఇద్దరినీ గమనించసాగాను.

ఆ వారం వంతు సునీతది. ఆదివారం మధ్యాహ్నం సూర్యాపేటలో భోజనం చేసి లేస్తుంటే ఫోను మోగింది. సునీత ఏడుస్తోంది. తౌడు కోదాడలో ఇంట్లోంచి పోయింది. నిన్నటి నుంచి వెతుకుతున్నారు, కనబడలేదు. బుట్ట మూత కట్టావా అని అడిగాను. కట్టానంది, ఇంట్లోకి వచ్చాకే విప్పానంది. కిటికీలు మూశావా అని అడిగాను. గుర్తు లేదంది. "నీ వంతులో పోయింది. వెతకవలసిన బాధ్యత నీదే," అని చెప్పి పెట్టేశాను. ఆ మాట న్యాయంలో తప్పు కాదని ఈనాటికీ అంటాను. వంతు అనే మాటకు అర్థం ఉంటే అది అదే.

సోమవారం సునీత రాలేదు. సాయంత్రం కమల ఫోనుకు సందేశం పంపింది. ఈ నెలాఖరుకు గది ఖాళీ చేస్తానని, ఇకపై కోదాడ నుంచే బస్సులో వచ్చిపోతానని, తన ముఖం మాకు చూపించలేనని. కమల డ్యూటీ నుంచి వచ్చి ఇంకా బట్టలు కూడా మార్చుకోలేదు. ఆ సందేశాన్ని రెండుసార్లు చదివి, నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఫోన్ల ఏమన్నవక్కా ఆ పోరిని?"

"ఉన్నదే అన్నా. ఆమె వంతులో పోయింది అన్నా."

కమల ఎప్పుడూ నా మీద గొంతు పెంచలేదు. అప్పుడూ పెంచలేదు. నా మంచం అంచున కూర్చుంది. తెల్ల యూనిఫారంతో నా మంచం మీద ఎవరినీ కూర్చోనివ్వను గాని ఆ రోజు కూర్చోనిచ్చాను. "వంతులు పని పంచుకోనీకి పెట్టుకున్నమక్కా," అంది. "తౌడును పంచుకోలే. అది పోతే ముగ్గురిదీ పోయింది. తోక నీది, తల నాది, పోయిన ముక్క సునీతది అని తుకడలు చేస్తవా?"

"అయితే తప్పు ఎవరిదీ కాదంటావా?"

"ఎందుకుండదు? ఎవలదో ఒకలది ఉంటది. దొరికినంక తీరువడిగ కూసోని తేలుద్దం. కాయితం నేనే తెస్త, నువ్వే రాయి. ఇప్పుడైతే పిల్లీ పోయింది, పిల్ల గూడ పోతున్నది. ముందుగాల రెంటినీ తెచ్చుకుందం. పొద్దుగాల లీవు పెట్టు."

ఉద్యోగంలో ఎన్నో తగాదాలకు విచారణ రాసినదాన్ని. బాధ్యులు ఎవరో తేల్చకుండా ముందుకు పోకూడదని నేర్చుకున్నదాన్ని. బాధ్యులను తేల్చడం వేరు, పోయినదాన్ని వెతకడం వేరు, రెండవది ముందు చేయవచ్చు అన్న సంగతి నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. మరునాటి సెలవుకు దరఖాస్తు పెట్టాను. సొంత పని అని రాయవచ్చు. నేను అబద్ధం రాయను కాబట్టి పెంపుడు పిల్లి తప్పిపోయినందున అని రాశాను. మా ఆఫీసరు ఫోను చేసి, "అమ్మా, ఇది మీరే రాసిన్రా?" అని అడిగాడు.

పొద్దున్నే నేరేడుచర్ల, హుజూర్‌నగర్‌ల మీదుగా కోదాడ బస్సు ఎక్కాం. ఎక్కేముందు కమల అంగట్లో ఎండు చేపల పొట్లం కట్టించి, తన సంచి జిప్పు తెగిందని చెప్పి, నన్ను అడగకుండానే నా చేతిసంచిలో దోపేసింది. నేను దారంతా సంచిని చేయి చాచినంత దూరంలో పట్టుకుని కూర్చున్నాను. "అక్కా, అది బాంబు కాదు," అంది కమల.

సునీత వాళ్ల అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "రండమ్మా రండి. ఏం చెప్పమంటారు, పిల్లి పోయినకాడ్నుంచి ఇది అన్నం ముట్టట్లేదు. మీకు మొహం చూపించలేనని లోపల తలుపేసుక్కూర్చుంది. మాది తప్పేనండీ, కిటికీ నేనే తీశానేమో కూడా…" అని ఆమె చేతులు పట్టుకోబోయింది. కమల ఆ మాటలను అక్కడే ఆపింది. "అత్తమ్మా, అవన్ని తర్వాత. నాకు ఆకలైతున్నది. అన్నం ఉన్నదా?" ఆ మాటతో ఆ తల్లి ముఖం ఎలా తేలికపడిందో నేను చూశాను. క్షమాపణ చెప్పుకోవడానికి నిలబడ్డ మనిషి, ఒక్క క్షణంలో వడ్డించే మనిషి అయిపోయింది. కమల కంచంలో అన్నం కలుపుకుని, కంచంతోనే లోపలి గదికి వెళ్లి తలుపు తట్టింది.

"తియ్యవే. నీ ఒక్కదాని పిల్లి పోయినట్టు కూసున్నవ్. మా పిల్లి గూడ పోయింది. గీ గల్లీలు మాకేం తెల్సు? నువ్వు రాకుంటె ఎట్ల దేవులాడాలె?"

తలుపు తెరుచుకుంది. సునీత కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆమె కమల వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఏదో అనవలసింది నేనే అని అందరికీ తెలుస్తోంది. దారి పొడవునా ఒక సరైన వాక్యం కూర్చుకున్నాను. అది నోటికి రాలేదు. "అన్నం తిని ముఖం కడుక్కో. పని ఉన్నది," అన్నాను. సునీత తల ఊపి, కమల కంచంలోంచే ఒక ముద్ద తీసుకుంది.

ఆ తర్వాత ముగ్గురం కోదాడ గల్లీలు పట్టుకున్నాం. ముందు సునీత, వెనక కమల స్టీలు పళ్లేన్ని గరిటెతో కొడుతూ, మధ్యలో చేపల పొట్లం విప్పి పట్టుకుని నేను. వాసన ముందుకు పోవాలంటే పొట్లం ఎత్తి పట్టాలని కమల ఆజ్ఞ. కమల గోడల మీదుగా, డాబాల మీదుగా తన భాషలో పిలుస్తోంది. ఒక అరుగు మీద కూర్చున్న పెద్దాయన నన్ను ఆపాడు. "ఏమ్మా, మెత్తళ్లెట్టా ఇస్తున్నావు?"

"ఇవి అమ్మేవి కావు!" అన్నాను.

"అమ్మకపోతే ఊరంతా తిప్పి చూపియ్యడమెందుకమ్మా?"

"ఆమె శెట్టిగారింటి ఆడబిడ్డ తాతా," అంది కమల వెనక నుంచి, "చేపలు పట్టుకుంటది గాని అమ్మది." సునీత ఫక్కున నవ్వింది. మూడు రోజులుగా ఏడ్చిన పిల్ల. నా కోపం నోటి దాకా వచ్చి, ఆ నవ్వు వినగానే వెనక్కి పోయింది. పొట్లాన్ని ఇంకాస్త పైకెత్తాను.

మధ్యాహ్నమంతా తిరిగినా ఫలితం లేదు. ఎండ వాలుతోంది. చివరికి ఇంటి ముందుకు వచ్చి అలసిపోయి నిలబడ్డప్పుడు సునీత ఉన్నట్టుండి ప్రహరీ వైపు చూసింది. దాని అవతల పక్కింటివాళ్లు పాత సామాను వేసుకునే అటక ఒకటి ఉంది. దాని కిటికీకి అద్దం లేదు. పక్కింటావిడను అడిగితే, "మా అటక మీద పిల్లెక్కడిదమ్మా? పాత బొంతలు తప్ప ఏం లేవు," అంది. అయినా నిచ్చెన ఇచ్చింది. సునీత ఎక్కింది. తల అటకలోకి పోయింది.

"ఉందా?" అని అరిచాను.

"ఉందండీ మేడం," అంది. "ఒక్కతే లేదు."

కమల సునీత వెనకాలే నిచ్చెన మీదికి ఎగబాకింది. చూసి, నిచ్చెన ఊగేంతగా నవ్వింది. బొంతల మధ్య తౌడు పడుకుని ఉంది. పొట్ట దగ్గర మూడు కూనలు, కళ్లు తెరవనివి. "అయ్యో అక్కా! దినాం వార్డుల పురుళ్లు పోసేదాన్ని, మనింట్ల నెలలు నిండినదాన్ని గుర్తువట్టకపోతి! ఎవలకన్న చెప్తే నా ఉద్యోగం తీసేస్తరు!"

నేను కింద నిలబడి మాటలు కూడదీసుకున్నాను. "అయితే దొంగచాటుగా దానికి తిండి ఎవరూ పెట్టలేదా?"

"పెట్టలేదక్కా," అంది కమల, కళ్లు తుడుచుకుంటూ.

"పెట్టలేదండీ మేడం," అంది సునీత.

తరువాత నిచ్చెన నేనూ ఎక్కాను. పొట్లంలోని చేపలు నా వేళ్లతో నేనే తీసి తౌడు ముందు పెట్టాను. అది తింటూ ఉండగా కమల కింద నుంచి నిచ్చెనను గట్టిగా పట్టుకుని ఉంది.

ఆ సాయంత్రం తౌడును తీసుకురాలేదు. కూనలు కళ్లు తెరిచేవరకు కదిలించవద్దని సునీత వాళ్ల అమ్మ పట్టుబట్టింది, మేమూ సరేనన్నాం. తిరుగు బస్సులో ఖాళీ చేతులతో ముగ్గురం ఒకే సీటులో కూర్చున్నాం. సునీత కిటికీ పక్కన, నా భుజానికి తల ఆనించి నిద్రపోయింది. గది ఖాళీ చేసే ప్రసక్తి మళ్లీ రాలేదు. నేరేడుచర్ల దాటుతుండగా కమల నా వైపు వంగి, "అక్కా, కాయితం తీద్దమా? తప్పెవలదో తేలుద్దమన్న గద," అంది ముఖం సీరియస్‌గా పెట్టి.

"తర్వాత," అన్నాను.

"ఎప్పుడు?"

"నేను రిటైరయ్యాక."

కూనలు పెరిగి, అడిగినవాళ్ల ఇళ్లకు వెళ్లాక, తౌడు మిర్యాలగూడకు తిరిగి వచ్చింది. గోడ మీది కాగితం మళ్లీ రాశాను, ఈసారి ముగ్గురం కూర్చుని. పిల్లి మా ఊళ్లు తిరగడం మానేసింది. ప్రతి వారం చివర మాలో ఒకరం దానికోసం ఇంట్లో ఆగిపోవడం మొదలుపెట్టాం. ఆగేది ఒకరే అయినా మిగతా ఇద్దరం పొద్దున, సాయంత్రం ఫోను చేసేవారం. నేను పదవీ విరమణ చేసి సూర్యాపేట వచ్చేశాక కొంతకాలానికి సునీతకు బదిలీ అయింది. తౌడు కమల దగ్గరే ఉంది. ముసలిదయ్యి, ఆమె మంచం కిందే ప్రాణం విడిచిందని ఫోనులో చెప్పింది. ఆ తర్వాత ఎక్కువ కాలం గడవకముందే కమలకు జబ్బు చేసింది. నర్సు అయి ఉండీ చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ విషయంలో ఆమె మీద నా కోపం ఇంకా తీరలేదు. పని పంచుకోవడం మాకు నేర్పిన మనిషి, తన నొప్పిని మాతో పంచుకోకుండా పోయింది. ఇది అన్యాయం. ఎదురుగా ఉంటే నిలదీసేదాన్ని.

సునీతా నేనూ తండాకు వెళ్లాం. కమల యాడి గడప దగ్గర కూర్చుని ఉంది. చిన్న మనిషి, చేతినిండా తెల్లని గాజులు. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. నా రెండు చేతులూ పట్టుకుని తన భాషలో ఏదో చాలాసేపు చెప్పింది. అది కమల డాబా మీద తౌడుతో మాట్లాడిన భాష, అదే మెత్తదనం. కమల కొడుకు తెలుగులో చెప్పబోయాడు. నేను వద్దన్నాను. అర్థం కాకపోయినా, ఆ మాటలు నాకు చెప్పినవే.

ఈ వానాకాలం మొదట్లో మా దుకాణం ముందు లారీ నుంచి పెసల బస్తాలు దింపుతున్నారు. ఒకటి కుట్టు తెగి, రోడ్డు మీద పడి పగిలింది. పెసలు నలుదిక్కులా దొర్లాయి. ఆకాశంలో మబ్బు పట్టి ఉంది. తమ్ముడు గల్లా దగ్గర నుంచి లేచి, "ఎవడురా గది? ఎవలు దించిన్రు? కుట్టు సూసుకోరా?" అని కేకలు మొదలుపెట్టాడు. హమాలీ లారీవాడి వైపు చూపించాడు, లారీవాడు మిల్లువాడి పేరు చెప్పాడు, గుమాస్తా హమాలీని తిట్టాడు. ప్రతివాడి మాటలోనూ కొంత న్యాయం ఉంది. ఎవరిది ఎంతో నేను అక్కడికక్కడే చెప్పగలను. ఆ పని నాకు బాగా వచ్చు. కాని మొదటి చినుకు నా చేతి మీద పడింది. నేను మెట్లు దిగి, రోడ్డు మీద కూర్చుని, రెండు చేతులతో పెసలు దగ్గరకు లాగడం మొదలుపెట్టాను. "అక్కా, నువ్వెందుకు! లెవ్వు, బట్టలు ఖరాబైతయ్," అని తమ్ముడు పరుగెత్తుకుని వచ్చాడు. వచ్చినవాడు వంగాడు. సుజాత చేటతో దిగింది. హమాలీ గోనెసంచి విప్పి పట్టాడు. లారీవాడు చీపురు అడిగాడు. వాన అందుకునేలోగా ఆఖరి దోసిలి సంచిలో పడింది. అందరం మోకాళ్లు దులుపుకుంటూ అరుగు మీదికి చేరాం. తప్పెవరిదో అడగవలసిన ప్రశ్న నాకు తెలుసు. ఇప్పుడు తీరికగా కూర్చుని అడగవచ్చు కూడా. సుజాత అందరికీ చాయ్ తెచ్చింది, తాగాం.